ఎనిమిది రోజుల కాపురం

మార్చి 9, ఆదివారం

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మీ తమ్ముడు కూడా క్షేమమే. ఇద్దరి క్షేమం ఒక్కచోట రాయకుండా ఇలా విడదీసి రాసిందేమిటా అని మీరు కళ్ళజోడు సర్దుకుంటారని నాకు తెలుసు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ కుడికన్ను ఎలా ఉంది? చుక్కల మందు మానేశారా, ఇంకా వేసుకుంటున్నారా? సూదిలో దారం మీరే ఎక్కించుకుంటున్నారని పోయిన ఉత్తరంలో చదివి చాలా సంతోషపడ్డాను.

ఫోను చేయొచ్చు కదా అంటారు. మీ ఇంట్లో ఫోను హాల్లో, అన్నయ్యగారి కుర్చీ పక్కనే ఉండేది, ఇప్పుడూ అక్కడే ఉంటుందిగా. ఇది ముందు మీరొక్కరే వినాలి. పైగా ఫోనులో అయితే మొదటి మాటకే ఏడ్చేస్తాను, అవతల మీరు ఏమైందే, ఏమైందే అని కంగారుపడతారు. కాగితం మీదైతే కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. కాస్త టీ పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని చదవండి.

వదినా, నేనూ మీ తమ్ముడూ విడిపోయాం. నిన్నా మొన్నా కాదు, పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు విడాకుల కాగితాలు కోర్టులో పెట్టబోతున్నాం.

అదేమిటి, డిసెంబరులో ఎనిమిది రోజులు మీ ఇంట్లోనే ఉన్నాను, చిలకా గోరింకల్లా ఉన్నారుగా ఇద్దరూ అంటారు. అక్కడికే వస్తున్నాను. కానీ ముందునుంచీ చెప్పకపోతే మీకు అర్థం కాదు.

తప్పెవరిదని మాత్రం అడక్కండి. ఆయన తాగి రాలేదు, నా మీద చెయ్యెత్తలేదు, ఇంకొకరి వెంట పడలేదు. నేనూ ఏ పాపమూ చేయలేదు. జరిగిందల్లా ఇది. ఒకరోజు ఒక పాత పుస్తకానికి కుట్లు వేస్తూ రేడియోలో ఏదో హాస్యం వింటున్నాను. నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆయన పనికి బయల్దేరి తలుపు వేసుకున్నాక అప్పుడు నవ్వాను. నవ్వి, నాలో నేనే ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఈయన వెళ్ళేదాకా నవ్వు దాచుకుంటున్నానా అని.

అదే వారంలో మూడో అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర కనిపించి, మీవారికి ఒంట్లో బాగోదా అని అడిగింది. రోజూ సాయంత్రం తమ గుమ్మం ముందున్న మెట్టు మీద పావుగంట సేపు కూర్చుని, అప్పుడు పైకి వెళ్తున్నాడట. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి మెట్లెక్కి వస్తాడేమిటా అని నేను ఎప్పుడూ వేళాకోళం చేసేదాన్ని. ఆ రోజు ఇంటికొచ్చాక అడిగాను. మీ తమ్ముడికి అబద్ధం రాదు కదా. ఇంట్లోకి రావడానికి కొంచెం ఓపిక కూడదీసుకోవాల్సి వస్తోంది అన్నాడు. నేను నా నవ్వు సంగతి చెప్పాను. పదిహేడేళ్ళలో మేమిద్దరం అంత మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే. అంత బాగా మాట్లాడుకుని, విడిపోదామని తేల్చుకున్నాం.

చెరో ఇల్లు చూసుకోకపోయారా అంటారేమో. తిరిగాం వదినా, చెప్పులరిగేలా తిరిగాం. ఒంటరి ఆడదానికి ఇవ్వమని ఒకరు, ఒంటరి మగవాడికి అసలే ఇవ్వమని ఇంకొకరు. విడిపోవడానికి మాకు ఇల్లు దొరకలేదు, అందుకని ఉన్న ఇంట్లోనే విడిపోయాం. మేము పెట్టుకున్న లాయరమ్మ, ఒకే కప్పు కింద ఉన్నా ఫరవాలేదు, కానీ ఏడాది పాటు ఇద్దరూ ఇరుగుపొరుగు వాళ్ళలా బతికినట్టు కనిపించాలి అంది. ఒకరు వండింది ఇంకొకరు తినకూడదు. ఒకరి బట్టలు ఇంకొకరు ఉతకకూడదు. గది వేరు, సామాను వేరు, బయటికి జంటగా వెళ్ళడం ఉండకూడదు.

ఆయన మంచం చిన్న గదిలోకి వెళ్ళింది. నా కుట్టుబల్ల, పుస్తకాలు నొక్కే ప్రెస్సు, మీరు నన్ను జిగురమ్మా అని పిలవడానికి కారణమైన జిగురు గిన్నె ముందు గదిలో నాతోపాటు ఉండిపోయాయి. వంటింట్లో రెండు ఉప్పు డబ్బాలు, రెండు టీ వడకట్లు. అట్టలకు అంటించే కాలికో గుడ్డ ముక్కలు కోసి, నా అరలకు ఎర్రవి, ఆయన అరలకు నీలివి అంటించాను. మొదటి నెలలో ఆయన అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా టీ పెట్టేవాడు. పెట్టాక గుర్తొచ్చి, రెండో కప్పు తొట్లో పారబోసేవాడు. ఆ చప్పుడు ఇవతల గదిలో నాకు వినిపించేది. ఆ చప్పుడు వినడం మాత్రం కష్టంగా ఉండేది వదినా.

పదకొండు నెలలు అలా నెట్టుకొచ్చాక, ఈ ఊరి ఆసుపత్రిలోనే కంటి ఆపరేషనని మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చిన రోజే మీకు అన్నీ చెప్పేద్దామని ఇద్దరం అనుకున్నాం. నేనైతే అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో కూడా చూసుకున్నాను. తీరా బస్సు దిగి నేరుగా ఆసుపత్రికే వచ్చిన మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళేముందు డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, వారం పది రోజులు వంగకూడదు, బరువులెత్తకూడదు, ముఖ్యంగా ఏడవకూడదు అన్నాడు. కంటి మీద ఒత్తిడి పడితే చేసిందంతా బూడిదలో పోసినట్టేనట. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మీ తమ్ముడే అన్నాడు, అక్క ఎలాగూ ఒక్క కంటితోనే చూస్తుంది, ఎనిమిది రోజులు ఎలాగోలా లాక్కొద్దామని. మీరు ఆపరేషన్ గదిలో ఉండగా ఆయన ఇంటికి పరిగెత్తి, మంచం మళ్ళీ నా గదిలో వేసి, గుడ్డ ముక్కలన్నీ పీకేసి, ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

మిగిలింది మీరు చూసిందే. ముగ్గురికీ కలిపి వండాను. ముగ్గురం ఒకే బల్ల దగ్గర తిన్నాం. మీరేమో కంటికి మూత పెట్టుకుని కూడా, వద్దన్నా వినకుండా మీ ఊరి నుంచి తెచ్చుకున్న కంచంలోనే తిని, తిన్న మరుక్షణం కడిగి తుడిచి సంచిలో పెట్టేసుకునేవారు. మా కంచాలకు ఏమైనా అంటుందా అని నేను ఆటపట్టిస్తే, అలవాటే అని నవ్వేసేవారు. లిఫ్టులో ఇరుక్కున్న పళ్ళ డాక్టరు, నొప్పితో అతని దగ్గరికే బయల్దేరి అదే లిఫ్టులో ఇరుక్కున్న ముసలాయన, ఇద్దరూ అక్కడే పన్ను పీకే పని కానిచ్చేసిన కథ మీ తమ్ముడు చెప్పాడు చూడండి, ఆ రోజు ఆయన ముందే పగలబడి నవ్వాను. చాలా ఏళ్ళ తర్వాత.

నిజం చెప్పొద్దూ, ఆ ఎనిమిది రోజులూ బాగున్నాయి. మిమ్మల్ని బస్సెక్కించి వచ్చాక ఇద్దరం వంటింట్లో నిలబడ్డాం. మంచం ఇప్పుడే తీయనా, రేపు తీయనా అని ఆయన అడిగాడు. నేను పొద్దుటి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. ఆయనా తొందరపెట్టలేదు. అప్పుడు నాకు తట్టింది, ఎనిమిది రోజులూ మేమిద్దరం మీతోనే మాట్లాడాం, ఒకరితో ఒకరం కాదు. మీరు వెళ్ళిన అరగంటకే ఇల్లు మళ్ళీ మూగబోయింది. ఇప్పుడే తీసేయండి అన్నాను. ఇద్దరం చెరో కోడూ పట్టుకుని తీసుకెళ్ళాం.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, కోర్టు కాగితంలో ఒక ప్రశ్న ఉంది. ఈ ఏడాదిలో మధ్యలో మళ్ళీ కలిసి కాపురం చేశారా, చేస్తే ఏ తేదీల్లో అని. నేను మీ రాక గురించి చెప్పాను. లాయరమ్మ రాస్తున్న కలం కింద పెట్టేసింది. ఒకే వంట, ఒకే గది, ఎనిమిది రోజులంటే జడ్జి దాన్ని కాపురమనే అనుకోవచ్చు, అప్పుడు ఏడాది మళ్ళీ డిసెంబరు నుంచి మొదలవుతుంది అంది. అంటే ఇంకా తొమ్మిది నెలలు. దీన్నుంచి బయటపడాలంటే ఈ ఏడాదిలో మా ఇంట్లోకి వచ్చి కళ్ళారా చూసిన మనిషి ఒకరు సాక్ష్యం రాసివ్వాలట. చూసినవి మాత్రమే రాయాలి, మేము చెప్పగా విన్నవి పనికిరావట.

మా ఇంట్లోకి ఎవరొచ్చారు వదినా? కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. మీరొచ్చారు. ఉన్న ఒక్క సాక్షికీ మేము ఎనిమిది రోజులు నాటకం చూపించి పంపాం.

ఆ రోజులు అసలు రాయకపోతే ఎవరికీ తెలియదు, మీ ఇష్టం అన్నట్టు లాయరమ్మ కిటికీ వైపు చూసింది. నేను ఆ ప్రశ్న మళ్ళీ చదువుతున్నాను. మీ తమ్ముడు ఎప్పుడూ లేనిది గొంతు పెంచి, మా అక్క వచ్చి ఉన్న రోజుల్ని లేవని రాయను అనేశాడు. ఆయన మీద నాకు గౌరవం ఎక్కడికీ పోలేదని ఆ మాటతో తెలిసింది.

తొమ్మిది నెలలేగా, ఓపిక పట్టలేరా అంటారేమో. పట్టలేం. మంచితనం అడుగంటిపోతోంది. పోయిన నెల నా గుడ్డు ఒకటి ఆయన తినేశాడని అరగంట అరుచుకున్నాం. తర్వాత నేనేం చేశానో తెలుసా? పెన్సిలు తీసుకుని నా గుడ్ల మీద అంకెలు వేశాను. నలభై మూడేళ్ళ ఆడదాన్ని, కూర్చుని గుడ్ల మీద అంకెలు వేశాను వదినా. ఏడో నంబరు వేస్తుండగా సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు వదిలేస్తే ఎక్కడైనా ఎదురుపడినప్పుడు నవ్వుతూ పలకరించుకుంటాం. ఇంకో తొమ్మిది నెలలు ఈ ఇంట్లో ఉంటే పలకరించుకోం. ఆయన్ని అసహ్యించుకునే దాకా ఆగడం నాకు ఇష్టం లేదు.

అబద్ధం రాయమని మిమ్మల్ని అడగను. మీరు చూసింది కాపురమే అయితే కాపురమనే రాయండి, లేదా ఏమీ రాయకండి. కానీ మమ్మల్ని చూసిన మనిషి మీరొక్కరే కాబట్టి మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకొక్క మాట. ఇదే అన్నిటికంటే రాయడానికి కష్టంగా ఉంది. జ్వరంతో నెల రోజులు మంచాన పడ్డప్పుడు చిక్కుపడ్డ నా జుట్టు కత్తిరించేద్దామని అందరూ అంటే, రెండు రోజులు కూర్చుని వెంట్రుక వెంట్రుకా విడదీసి జడ వేసింది మీరు. ఆ కాగితం వచ్చాక నేను మీకేమవుతాను? ఆయన్ని వదులుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మిమ్మల్ని వదులుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియడం లేదు. నామీద కోపం వస్తే తిట్టండి. ఊరుకోవద్దు.

ఇంకా మీ మరదలే అయిన,
జిగురమ్మ

తా.క. ఉత్తరం మీ తమ్ముడికి చదవడానికిచ్చాను. అంతా నిజమే కానీ గుడ్ల సంగతి తీసేయమన్నాడు. తీయలేదు.


మార్చి 18, మంగళవారం

చిరంజీవి సౌభాగ్యవతి జిగురమ్మకు,

సౌభాగ్యవతి అని చెయ్యి అలవాటుగా రాసేసింది, కొట్టేయడం లేదు. నీ సౌభాగ్యం నీ దగ్గరే ఉంటుంది, దానికి మా తమ్ముడు పక్కనుండాలనేం లేదు. నీ వదిన దీవెనలు. నా కన్ను బాగుంది. నీ ఉత్తరం శుక్రవారం అందింది. టీ పెట్టుకుని చదవమన్నావు, టీ చల్లారిపోయింది. రెండు కళ్ళతోనూ ఏడ్చాను. ఇప్పుడు ఏడవొచ్చని డాక్టరు చెప్పాడులే, కంగారుపడకు.

ముందు పని సంగతి. సాక్ష్యపు కాగితం రాసి ఇందులోనే పెట్టాను. మీ లాయరమ్మ అడిగినట్టు, కళ్ళారా చూసినవి తప్ప ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు. వదిన ఏం చూసిందిలే, మూసిన కంటితో మంచం మీద పడుకుందిగా అనుకున్నారు మీరిద్దరూ. మూసింది ఒక కన్నే. రెండోది ఖాళీగానే ఉంది, దానికి వేరే పని కూడా లేదు.

మొదటి రోజే చూశాను. స్నానాల గదిలో ఈ మూల ఒక సబ్బు, ఆ మూల ఒక సబ్బు. వంటింటి అరల అంచుల మీద చదరంగా జిగురు మరకలు. నీ జిగురు గోరుతో గీకినా రాదని నువ్వే గొప్పలు చెప్పుకుంటావుగా. మావాడు గుడ్డ పీకగలిగాడు కానీ జిగురు పీకలేకపోయాడు. ఒకచోట నీలి పోగు కూడా ఉండిపోయింది. చిన్న గదిలో గచ్చు మీద మంచం కోళ్ళ గుర్తులు నాలుగు, వాటి మధ్య దుమ్ము, చుట్టూ మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంది.

రెండో రోజు నువ్వు కట్టిన పుస్తకాలు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు, వాడు నాకు టీ పెడతానన్నాడు. అరలు కలిపేశారు కదా, పంచదార కోసం మూడు తలుపులు తీశాడు. సొంత ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలియనివాడు, గుడ్లు వేయించే చిన్న పెనం మాత్రం చూడకుండానే చెయ్యి పెట్టి తీశాడు. వాడి చొక్కాకు రెండు గుండీలు నల్ల దారంతో కుట్టి ఉన్నాయి, తెల్ల చొక్కాకు. పుస్తకాలు కుట్టే చెయ్యి ఆ పని చేయదు. అది వాడి పనే.

ఇవన్నీ ఒక ఎత్తు. నువ్వు టీ అందిస్తే వాడు థాంక్స్ అన్నాడు. ఉప్పు అందిస్తే థాంక్స్. తువ్వాలు అందిస్తే థాంక్స్. పదిహేడేళ్ళు కాపురం చేసిన మొగుడు పెళ్ళానికి రోజుకు పదిసార్లు థాంక్స్ చెప్పడం నేనెక్కడా చూడలేదు. నువ్వేమో వాడికి కూర వడ్డించేముందు ప్రతిసారీ కారం సరిపోతుందా అని అడిగావు. అది అతిథిని అడిగే మాట. ఇవన్నీ రాశాను. నా కంటి కోసం ఇద్దరూ దంపతుల్లా నటించారని, వాళ్ళకు నటన రాదని, ఆ ఇంట్లో ఇద్దరు వేరు వేరు మనుషులు ఒకరినొకరు నొప్పించకుండా బతుకుతున్నారని కళ్ళారా చూశానని రాసి, సంతకం పెట్టాను. చాలకపోతే చెప్పమను, నేనే వచ్చి జడ్జి ముందు నిలబడతాను. బస్సెక్కడం నాకు తెలుసు.

తెలిసినప్పుడు అప్పుడే ఎందుకు అడగలేదంటావా? నా కోసం మీరంత అవస్థ పడుతుంటే మీ కష్టం వృథా చేయాలనిపించలేదు. మీరు నాకు కాపురం చూపిస్తున్నారు, నేను మీకు చూడనట్టు కనిపిస్తున్నాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం, ముగ్గురికీ వేషాలే. అయినా ఆ పళ్ళ డాక్టరు కథకు నువ్వు నవ్వింది వేషం కాదు. అది నాకు చాలు.

మావాడి గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడూ అంతే. బడిలో దెబ్బలు తిన్నా, ఆటలో ఓడిపోయినా ఇంట్లోకి వచ్చేవాడు కాదు, మెట్ల మీద కూర్చునేవాడు. మా అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. తనంతట తాను లోపలికి రావడం వాడికి ఎవరూ నేర్పలేదు, నేను కూడా నేర్పలేదు. ఆ పని నీ మీద పడింది, ఆ సంగతి నీకు ఎవరూ చెప్పలేదు. అందుకు నీ మీద కోపమెందుకు వస్తుంది? బాధ ఉంది, అది వేరు. నా తమ్ముడు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుంటున్నాడని చదివినప్పుడు ఉత్తరం పక్కన పెట్టి కాసేపు తోటలో తిరిగాను. ఇకనుంచి వాడుండే ఇంట్లోకి వాడు తిన్నగా వెళ్తాడని అనుకుంటున్నాను. వాడికి విడిగా రాస్తాను.

గుడ్ల మీద అంకెలు వేసినందుకు సిగ్గుపడకు. ఏడు దాకా వచ్చి ఆగావు. ఆగనివాళ్ళు చాలామంది ఉంటారు.

ఆ కాగితం వచ్చాక నువ్వు నాకేమవుతావని అడిగావు. దాని జవాబు సంతకం కింద రాశాను. పైన రాసే ధైర్యం రాలేదు.

ఆశీస్సులతో,
నీ వదిన

తా.క. నా కంచం నేనే కడిగి సంచిలో పెట్టుకుంటానని ఆటపట్టించావు, గుర్తుందా? అలవాటే అన్నాను. ఎక్కడి అలవాటని నువ్వు అడగలేదు. మా వంటింట్లో పదకొండేళ్ళుగా రెండు ఉప్పు డబ్బాలున్నాయి. మీ అన్నయ్య పై గదిలో, నేను కింద. ఆయన కంచం ఆయనది, నా కంచం నాది. పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ మాత్రం పక్కపక్కనే నడిచి వెళ్ళి, పక్కపక్కనే నడిచి వస్తాం. గుమ్మం లోపలికి రాగానే ఆయన మెట్లెక్కుతారు. అందుకే మీ ఇంట్లో అడుగు పెట్టగానే అన్నీ నా ఇంట్లో వస్తువుల్లాగే కనిపించాయి.

ఆపరేషనుకు మీ అన్నయ్య రాలేదేమని మీరడిగితే పని ఉందన్నాను. పనేం లేదు. కంటికి ఆపరేషన్, ఎనిమిది రోజుల్లో వస్తానని చీటీ రాసి ఆయన ఉప్పు డబ్బా కింద పెట్టి బస్సెక్కాను. తిరిగొచ్చి చూస్తే చీటీ మడత కూడా విప్పకుండా అక్కడే ఉంది. తొమ్మిదో రోజు మెట్ల మీద ఎదురుపడి, కంటికి ఏమైందని అడిగారు.

పెద్ద గొడవేదీ లేదు కాబట్టి దీనికి మందు లేదనుకున్నాను. ఒకే ఇంట్లో ఉన్నా విడిగా బతికినట్టు లెక్కలోకి వస్తుందని, దానికొక కాగితం ఉంటుందని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. నాకు అరవై ఒకటి. ఈ వయసులో ఇదేం బుద్ధి అని ఎవరైనా అంటే అననీ. శనివారం పైకి వెళ్ళి ఆయనతో చెప్పాను. నీ ఇష్టం అన్నారు. తర్వాత, ముందే అడగాల్సిందేమో అని కూడా అన్నారు.

ఇంట్లోకి వచ్చి కళ్ళారా చూసిన మనిషి ఒకరు కావాలన్నావు కదా. ఎన్నో ఏళ్ళుగా మా గుమ్మం లోపలికి ఎవరూ రావడం లేదు. నీ పని తెమిలాక వచ్చి ఓ వారం ఉండు. నేనేమీ దాచను, ఏమీ చెప్పను కూడా. నువ్వు చూసింది చూసినట్టు రాద్దువుగాని. ఆ కాగితం మీద ఈ సాక్షి మీకేమవుతుందని అడిగేచోట ఏం రాయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

వచ్చేటప్పుడు కంచం తెచ్చుకోకు. నీకొకటి కొని, నా కంచం పక్కన పెట్టాను.